బుడ్డోడి హాస్టలు చదువు

ఛాయాదేవికి కుక్కంటే ప్రాణం, నాకు కుక్కంటే ప్రాణభయం. అయినా ఆవిడ కుక్కను నజఫ్‌గఢ్ అవతల ఉన్న ట్రైనింగు ఫారానికి తీసుకెళ్ళడానికీ, తిరిగి తీసుకురావడానికీ కారు నడిపింది నేనే. జనక్‌పురిలో మా బ్లాకు మొత్తానికి తెలుగు ఇళ్ళు రెండే, ఆవిడదీ మాదీ. ఆవిడ ఏదైనా అడిగితే కాదనడానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు.

ఆవిడది బాపట్ల. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం దొరికి చిన్న వయసులోనే ఢిల్లీ వచ్చేసింది. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "కుదర్లేదు, నేనూ పట్టుబట్టలేదు" అని నవ్వేసి, ఆ అడిగినవాళ్ళ చేతిలో కాఫీ గ్లాసు పెట్టేది. మనిషి పొట్టి, మాట గట్టి. ఆఫీసులో ఫైలు పోతే ఈవిడనే అడిగేవారట. కూరగాయల బండివాడు ఈవిడ వస్తుంటే ముందే ధర తగ్గించి చెప్పేవాడు. అంతటి మనిషికి ఒక్కటే వెలితి. అది ఒకసారి గోరింటాకు రుబ్బుకుంటూ నాతో అంది.

"ఇక్కడ అందరూ జీలే సరోజినీ. శర్మాజీ, గుప్తాజీ, నేను మేడమ్‌జీ. పాతికేళ్ళ నుంచీ ఉంటున్నాను కదా, ఈ ఊళ్ళో 'ఏరా' అని పిలవడానికి నాకొక్కడు లేడు."

నేను నవ్వాను. నాకు ఇద్దరు మగపిల్లలు, రోజంతా ఏరా, పోరా అని అరిచి గొంతు పోగొట్టుకునేదాన్ని. అది లేకపోవడం ఒక లోటని నాకెలా తెలుస్తుంది?

ఆ చలికాలంలోనే ఆవిడకు కుక్కపిల్ల దొరికింది. ఎవరి కారు కిందో ముడుచుకుని వణుకుతుంటే స్వెట్టరులో చుట్టి ఇంట్లోకి తెచ్చుకుంది. సగం లాబ్రడార్, మిగతా సగం జనక్‌పురి. పేరు బుడ్డోడు. పై అంతస్తులో ఉండే ఇంటి యజమాని ఖురానా గారికి అది 'బుడ్ఢా' అని వినిపించింది. నెలల పిల్లను పట్టుకుని ముసలోడా అని పిలుస్తారేమిటని ఆయన చాలా కాలం బాధపడ్డాడు.

ఇక చూడాలి ఆవిడ మాటలు. ఎన్నేళ్ళ బాకీయో అంతా ఆ కుక్క మీద తీర్చుకుంది. తినరా, పడుకోరా, చెప్పు వదలరా, ఏంట్రా ఆ చూపు, నీకెంత పొగర్రా. ఆఫీసు నుంచి వస్తూ గేటు బయట నుంచే మొదలుపెట్టేది. అది మాత్రం ఏం చెప్పినా ఒక్కటే పని చేసేది, తోక ఊపుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడేది. కూర్చోరా అన్నా అంతే, పోరా అన్నా అంతే. "దీనికి మాట వినడం రాదక్కా" అని నేను అంటే, "ప్రేమ ఎక్కువలే" అనేది.

మెట్రో మా జనక్‌పురిదాకా వచ్చిన మొదటి సంవత్సరం, వానలు తగ్గాక, ఆ ప్రేమ రోడ్డెక్కింది. ఛాయాదేవి రోడ్డవతల పాల బూత్ దగ్గర ఉంది. ఎవరో గేటు తీసి వదిలేశారు. బుడ్డోడు బయటికి వచ్చి ఇవతల గట్టు మీద నిలబడి ఆవిడను చూశాడు. ఆవిడ చేతులు అడ్డంగా ఊపుతూ అరవడం నేను మా బాల్కనీలోంచి విన్నాను. "రావద్దురా, అక్కడే ఉండరా!" అది ఒక్క దూకు దూకింది. స్కూటర్ మీద వస్తున్నాయన పడ్డాడు, మోచేయి చెక్కుకుపోయింది. బుడ్డోడి వెనకకాలు విరిగింది.

కట్టు కట్టించి తెచ్చిన సాయంత్రం ఖురానా గారు కిందికి దిగి వచ్చారు. మంచి మనిషే, కానీ భయపడిపోయాడు. ఇవాళ మోచేయి, రేపు ఎవరి తలో పగిలితే కేసు ఎవరి మీదకొస్తుందన్నాడు. కుక్క మాట వినేలా ట్రైనింగయినా ఇప్పించండి, లేకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, లేదంటే ఇల్లు చూసుకోండి. ఛాయాదేవి ఎదురు చెప్పలేదు. స్కూటరాయన రక్తం ఆవిడా చూసింది.

అలా, కాలు కట్టు విప్పాక, బుడ్డోడు హాస్టల్లో చేరాడు. ఫారం నడిపేది దల్‌బీర్ అనే హర్యానా ఆయన. వరసగా గదులు, ముందు ఇసుక పోసిన మైదానం, వేపచెట్లు. నేను కారు అద్దాలు ఎక్కించుకుని కూర్చుంటానంటే ఛాయాదేవి ఒప్పుకోలేదు, పక్కన నిలబెట్టుకుంది. దల్‌బీర్ హిందీలో తాపీగా చెప్పుకొచ్చాడు.

"దేఖియే మేడమ్‌జీ, మొదట్లో సరిగ్గా తినడు. మీరు కంగారుపడొద్దు, ఆకలేస్తే తనే తింటాడు. కొంచెం చిక్కుతాడు. నేను రమ్మనేదాకా రావద్దు. మిమ్మల్ని చూసి మళ్ళీ విడిచి ఉండాలంటే వాడికి మొదటికొస్తుంది. మీరు వచ్చిన రోజు పరుగెత్తుకొచ్చి మీద పడకపోవచ్చు, మరిచిపోయాడని ఏడవకండి. ఇక అసలు మాట. ఇక్కడ వాడు నేర్చుకునేది నా మాట వినడం. మీ మాట వినేలా వాడికి చెప్పడం మీరు నేర్చుకోవాలి. అది నేర్చుకోకుండా తీసుకెళ్తే నెల తిరక్కుండానే పాత కుక్కే."

ఆవిడ అన్నిటికీ ఠీక్ హై, ఠీక్ హై అంది. తన వాసన ఉండాలని పాత నేత చీర ఒకటి ఇచ్చింది. కారులో వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. పంఖా రోడ్డు మీదికి వచ్చాక మాత్రం, "సరోజినీ, కాస్త పక్కకు ఆపవే" అని, ఆపాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక హజార్డు లైట్లు వేసుకుని కూర్చున్నాను.

ఆ తరవాత రోజులు ఆవిడకు ఎలా గడిచాయో నేను దగ్గరుండి చూశాను. పెరుగన్నం ఆఖరి ముద్ద కంచంలో వదిలేసి, అది ఎవరి కోసం వదిలిందో గుర్తొచ్చి, తినలేక పారేసేది. ఆఫీసు నుంచి రావడం ఆలస్యం చేసింది. మెట్రో దిగాక రిక్షా ఎక్కకుండా నడిచి వచ్చేది. గేటు తీసి లోపలికి వచ్చి, తలుపు దగ్గర తాళం చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయేది. లోపల తన కోసం గోళ్ళు టకటకలాడించే ప్రాణి లేదని తలుపు తీస్తేనే కదా తెలిసేది, తియ్యకపోతే ఇంకాసేపు ఉన్నట్టే. ఒకరోజు నేనే తాళం లాక్కుని తీశాను. ఆవిడ మీద జాలితో కాదు, కోపంతో. మనుషులున్న ఊళ్ళో ఒక కుక్క కోసం ఇంతగా ఎదురుచూడటమేమిటని. పక్కింట్లో నేనుండి ఏం లాభమని కూడా అనుకున్నాను. అది అసూయే.

దల్‌బీర్‌కి ఫోను చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు, ఖుష్ హై మేడమ్‌జీ, హాయిగా ఉన్నాడని. ఒకసారి బతిమాలి ఫోను బుడ్డోడి చెవి దగ్గర పెట్టమంది. "ఏరా బుడ్డోడా, తిన్నావురా?" అంది. అవతల గొలుసు గలగల, ఏదో బకెట్టు దొర్లిన చప్పుడు. దల్‌బీర్ ఫోను లాక్కుని, ఇలాంటి పనులు చెయ్యొద్దు, వాడు గొలుసు తెంపుకునేలా ఉన్నాడని విసుక్కున్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి, "నన్ను మరిచిపోలేదు" అంది. దుఃఖంలో ఉన్న మనిషికి అదొక పండగ.

నెల దాటాక పిలుపొచ్చింది. వెళ్ళేసరికి బుడ్డోడు దల్‌బీర్ పక్కన బుద్ధిమంతుడిలా కూర్చుని ఉన్నాడు. చిక్కాడు, ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఛాయాదేవిని చూడగానే తోక ఇసుకను చిమ్మేసింది గానీ లేవలేదు. సిట్ అంటే కూర్చున్నాడు, స్టే అంటే బొమ్మలా ఉండిపోయాడు. దల్‌బీర్ దూరంగా వెళ్ళి కమ్ అంటేనే కదిలాడు. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఇప్పుడు మీరు" అన్నాడు దల్‌బీర్.

ఛాయాదేవి ముందుకు వెళ్ళింది. "కూర్చోరా బుడ్డోడా" అంది. బుడ్డోడు లేచి వచ్చి ఆవిడ కాళ్ళకు చుట్టుకున్నాడు. దల్‌బీర్ వాణ్ణి వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఇంగ్లీషులోనే చెప్పాలన్నాడు. ఆవిడ తల ఊపి, "సిట్‌రా" అంది. వాడు కూర్చోబోయి లేచి వచ్చాడు. "స్టేరా, స్టేరా" అంది. ఆగి, మళ్ళీ వచ్చాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. దల్‌బీర్ ముఖం మారిపోయింది. ఈ కుక్క మీ చేతిలో ఆగదు మేడమ్‌జీ, ఝజ్జర్‌లో నాకు తెలిసిన రైతు ఒకాయన అడుగుతున్నాడు, పొలం ఉంది, రోడ్డు లేదు, అక్కడైతే బతుకుతాడు అన్నాడు. మాటలో వెటకారం లేదు. అందుకే ఆవిడకు ఎక్కువ తగిలినట్టుంది.

"ఇంకొక్కసారి" అంది. దూరంగా వెళ్ళి నిలబడింది. "స్టే" అని, కొంగు అందుకుని ఆగిపోయింది. బుడ్డోడు కూర్చునే ఉన్నాడు. ఆవిడను చూస్తూ, చెవులు నిక్కబొడుచుకుని, కదలకుండా కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, మొదలుపెట్టిన మాటను అలవాటుగా పూర్తి చేసింది. "...రా."

వాడు ఒక్క దూకున వచ్చేశాడు.

ఛాయాదేవి వాణ్ణి ముట్టుకోలేదు. తెల్లబోయి చూసింది. తరవాత ఇసుకలో అలాగే చతికిలబడింది. నేను భయం మరిచిపోయి పరుగెత్తాను.

"సరోజినీ, వీడు మాట వినని కుక్క కాదే" అంది. "వీడికి తెలుగులో తెలిసింది ఒక్కటే ముక్క. రా అంటే రావాలి. అంతే. నేను ప్రతి మాట చివరా రా రా అంటూనే ఉన్నాను. ఆ రోజు రోడ్డు మీద కూడా..."

నాకు బాల్కనీలోంచి విన్న ఆ అరుపు గుర్తొచ్చింది. రావద్దురా, అక్కడే ఉండరా. ఆ గోలలో కుక్కకు అందింది ఒక్క ముక్కే. అది వినే దూకింది.

"నేనే పిలిచానే. వాడు నా మాట వినే కాలు విరగ్గొట్టుకున్నాడు. నేనేమో మాట వినడం లేదని హాస్టల్లో పడేశాను" అని వాడి మెడ పట్టుకుని ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. బుడ్డోడు మాత్రం ముఖమంతా నాకుతూ మహా సంతోషంగా ఉన్నాడు.

హిందీలో విడమరిచి చెబితే దల్‌బీర్‌కు అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది. "అచ్ఛా" అని గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆ మాట వాడికి పక్కా అన్నమాట. నేను నేర్పిన కమ్ కంటే గట్టిది. దాన్ని పాడుచెయ్యకండి. రోడ్డు లేని చోట, నిజంగా రావాలనుకున్నప్పుడు మాత్రమే అనండి. మిగతా వేళ మీ నోట్లోంచి రాకూడదు." అంతే, చీటీ రాసిచ్చే డాక్టరులా చెప్పేసి ఇంకో కుక్క దగ్గరికి వెళ్ళిపోయాడు.

వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం గానీ, అది చెప్పినంత తేలిక కాదు. యాభై దగ్గర పడిన నాలుక. దల్‌బీర్ నేర్పిన సిట్ పక్కనే తెలుగు మాట కూడా నేర్పుదామని వట్టి 'కూర్చో' అనబోతే చివర్లో రా జారేది. ఖురానా గారు చూస్తుండగా గేటు దగ్గర రెండుసార్లు జారింది, వాడు లేచాడు, ఆవిడ పరుగున వెళ్ళి గేటు మూసింది. చివరికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. మాట చివర రా ఉండే ఆ ఖాళీలో ఇంకో ముక్క పెట్టేసింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఛాయాదేవి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, చెప్పు కొరకడం ఏమన్నా బాగుందా? అటెళ్ళి కూర్చోండి."

బుడ్డోడు బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాడు.

"ఏంది ఛాయక్కా" అన్నాను నవ్వు పట్టలేక. "కుక్కకు అండి అంటున్నవా? మా వరంగల్‌ల మనుషులకే అంత మర్యాద ఇయ్యం."

ఆవిడ నవ్వలేదు. "వీడు నా దగ్గర ఉండాలంటే ఇంతే మరి" అంది. "ఆఫీసులో జీ, ఇంటికొస్తే అండి."

ఖురానా గారు రెండు నెలలు పరీక్షగా చూసి, బుడ్డోడు మర్యాదస్తుడయ్యాడని ఒప్పుకున్నారు. ఝజ్జర్ రైతుకు వేరే కుక్క దొరికింది. అందరి గొడవా తీరింది. ఛాయాదేవి మాత్రం ఇంట్లో మునుపటిలా మాట్లాడటం మానేసింది. ఏదో అనబోతుంది, పెదవులు కదులుతాయి, మింగేస్తుంది. బుడ్డోడు తల పక్కకు వంచి ఆవిడ నోటి వంక చూస్తూ ఉంటాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నన్ను పార్కుకు రమ్మంది. చుట్టూ ఇనప కంచె ఉన్న పార్కు, రోడ్డు చాలా దూరం. బుడ్డోణ్ణి ఒక మూల కూర్చోబెట్టి, "ఉండండి" అని చెప్పి, గడ్డి మీద నడుచుకుంటూ ఈ చివరికి వచ్చింది. వెనక్కి తిరిగింది. వాడు అక్కడ వణికిపోతున్నాడు, వెనక కాళ్ళు పచ్చికలో నిలవడం లేదు. ఆవిడ కంచె అంతా ఒకసారి కలయజూసింది. చెప్పులు విడిచింది. రెండు చేతులూ చాపింది.

"రా."

గట్టిగా కూడా అనలేదు. వాడు ఆ అవిటి కాలు ఎగరేసుకుంటూ పార్కంతా దాటి వచ్చి గుండెల మీద పడ్డాడు. ఇద్దరూ కింద పడ్డారు. ఆవిడ వాడి చెవుల మధ్య ముఖం దాచుకుని చాలాసేపు లేవలేదు. రోజూ ఇదే వేళకు ఇక్కడికి వస్తుందట. రోజుకు ఒక్కసారే అంటుందట.

కుక్కంటే పడని నాకే మళ్ళీ చూడాలనిపించింది. "ఇంకోసారి పిలువు అక్కా, ఎంత మంచిగున్నది" అన్నాను.

ఛాయాదేవి లేచి, చీరకు అంటిన గడ్డి దులుపుకుని, బుడ్డోడి మెడకు పట్టీ తగిలించింది.

"వద్దులే సరోజినీ" అంది. "రెండోసారి అన్నానంటే ఇక ఆపుకోలేను."