కనబడని గడులు

నా చిన్నప్పటి కోపాల్లో చాలావరకు చల్లారిపోయాయి. ఒక్కటి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు మా ఇంటి పిల్లలందరికీ నేనే పెద్దక్కను కాబట్టి, అదేమిటో వాళ్లకు తెలియాలని చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన తర్వాతి ఎండాకాలం అది. నేను ఐదో తరగతి పూర్తి చేశాను. హుజూర్‌నగర్ దిక్కున ఉన్న మా ఊళ్లో బడి అంతవరకే. బాపు గొర్ల మంద వెంట తిరిగే మనిషి. నన్ను మాత్రం ఎలాగైనా పై చదువు చదివించాలని ఆయన పట్టుదల. నల్గొండలో ఎరువుల దుకాణం నడిపే మా చిన్నాయిన, "సెలవులకు పంపు అన్నా. పిల్ల హుషారుంటే ఇక్కడనే ఉంచుకొని మావోని బళ్లెనే ఏస్త" అన్నాడు. ఆ మాటతో బాపు నాకు కొత్త గౌను కొని బస్సెక్కించాడు.

చిన్నాయిన కొడుకు నాకంటే రెండేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. వాళ్లింట్లో కంప్యూటర్ ఉండేది, అందులో ఒక యుద్ధం ఆట. తెర నిండా ఏదో దేశపు మ్యాపు, తేనెపట్టులా గడులు గడులుగా కనిపించేది. ఆకుపచ్చ గడులు మైదానం, మట్టిరంగువి గుట్టలు, నడుమ నీలంగా ఒక నది. ఎర్ర దళాలు అన్నవి, తెల్లవి నావి. ఒకరి తర్వాత ఒకరం కదపాలి. ఎదుటివాళ్ల కోట పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు.

అన్న నాకు చెప్పింది ఒక్కటే. "నీ దళాన్ని నొక్కు, ఎటన్న పోనియ్యి, కొట్టు."

నేను నొక్కేదాన్ని. నా దళం గుట్టల మధ్య ఒక గడి కదిలి ఆగిపోయేది. నది ఒడ్డుకు పోయి నిలబడిపోయేది, ఎంత నొక్కినా దాటేది కాదు. అన్నవి మాత్రం దారి తెలిసినట్టు వంతెన దాటి వచ్చి నావాటిని ఒక్కొక్కటిగా తుడిచిపెట్టేవి. ఎందుకు ఓడిపోతున్నానో అర్థంకాక మళ్లీ ఆడేదాన్ని. మళ్లీ అదే. అన్న పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు విని చిన్నాయిన ముందు గదిలోంచి వచ్చి చూసేవాడు. ఒకరోజు ఆయన చిన్నమ్మతో చెప్పిన మాట నా చెవిన పడింది. "పిల్లకు దిమాగ్ తక్కువున్నట్టుంది. పట్నం బళ్లె ఏం నెగ్గుకొస్తది? ఊర్లనే ఉండనియ్యి."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. బాపుకు ఏం చెప్పాలి? గడులు కదపడం రాక చదువు పోయిందనా?

మర్నాడు పక్కింటి అక్క గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. డిగ్రీ చదివేది, గట్టి మనిషి. మేం ఆడుతుంటే వెనక నిలబడి కాసేపు చూసింది. తర్వాత వంగి కీబోర్డు మీద ఏదో నొక్కింది. నా దళం చుట్టూ గడులు పసుపుగా వెలిగాయి. ఒక్కో గడిలో చిన్న అంకె కూడా కనబడింది.

"ఇవి నీ దళం పోగలిగే జాగలు" అంది అక్క. "వంతుకు కొన్ని పాయింట్లే ఉంటయి, మైదానంల గడికి ఒకటి కర్సయితది, గుట్టెక్కితే మూడు. నదిని వంతెన కాడనే దాటాలె. శత్రువు పక్క గడిల కాలుపెడితే ఆ వంతుకు ఇగ కదిలేది లేదు. నీకు చెప్పలేదానె?"

నేను తెరకేసి అలాగే చూశాను. ఇదంతా మొదటినుంచీ అక్కడే ఉందా?

అక్క అన్న వైపు తిరిగింది. "నీ వంతుల గూడ గీ వెలుగు బంద్ చేసుకొనే ఆడుతున్నవా?"

అన్న చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది నాకు. నా వంతు రాగానే ఆ మీట నొక్కి వెలుగు ఆర్పి, తన వంతులో చూడొద్దని నన్ను అటు తిప్పి మళ్లీ వెలిగించుకునేవాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. మౌసు ఎత్తి బల్లకేసి కొట్టబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది. గోల విని వచ్చిన చిన్నాయిన సంగతంతా విన్నాడు. విని నవ్వాడు. "ఆటనే కదనే! ఆడపిల్లకు గంత కోపమేంది?"

అన్న చేసిన మోసం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కోసింది.

అక్క ఆయనతో వాదించలేదు. ఆయన వెళ్లాక, నాకు దిమాగ్ తక్కువని ఆయన అన్న సంగతి అక్కకు చెప్పాను. ఎండ తగ్గాక అందరినీ డాబా మీదికి పిలిచింది. నేల మీద చాక్‌పీసుతో గడులు గీసి, అన్న చేతిలో చింతగింజలు పోసి, ఆ చివరికి చేరితే గెలిచినట్టే అని చెప్పింది. చిన్నాయిన చాయ్ తాగుతూ పిట్టగోడకు ఆనుకుని చూస్తున్నాడు. అన్న ఒక గింజ జరపగానే అక్క దాన్ని తీసేసింది. "గాడ వాగుంది, మునిగింది." ఇంకోటి జరిపితే, "గాడ గుట్టుంది, ఆగిపోయింది." మూడోది కూడా పోయాక అన్న లేచి నిలబడి అరిచాడు. "తొండి! వాగు యాడుంది? గీయకుంట ఎట్ల తెలుస్తది నాకు?"

"నాకైతే కనబడుతాంది" అంది అక్క తాపీగా.

"నాయినా, సూడు, తొండి ఆడుతాంది!"

చిన్నాయిన కూడా ఉండబట్టలేక, "చెప్పకుంట ఆడిపిస్తే పోరడు ఎట్ల గెలుస్తడమ్మా?" అన్నాడు.

అక్క ఆయన కళ్లలోకి చూసింది. "మీవోనికి చెప్పకుంటే తొండి. గీ పిల్లకు చెప్పకుంటే దిమాగ్ తక్కువా అంకుల్?"

చిన్నాయిన ముఖం మాడింది. "పోరగాండ్ల ఆటకు పంచాయితీ ఒకటి" అని గొణిగి కిందికి దిగిపోయాడు. తప్పయిందని నాతో ఆయన అనలేదు, అన్న అనలేదు.

ఆ తర్వాత రోజులన్నీ గడులు వెలిగించుకునే ఆడాను. అన్నకు చాలాకాలంగా అలవాటైన ఆట, గెలవలేకపోయాను. కానీ వంతెన దగ్గర అడ్డం నిలబడి అతన్ని కదలకుండా చేశాను. అప్పటినుంచి నవ్వడం మానేశాడు.

బాపు నన్ను చూడటానికి వచ్చినప్పుడు చిన్నాయిన చెప్పిన మాట మాత్రం మారలేదు. "పిల్ల జర నిదానం అన్నా. ఊర్లనే నయం." నేను గుమ్మంలో ఉన్నాను. ఏడుపు రాలేదు. "చిన్నాయినా, మొత్తం చెప్పు" అన్నాను. ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను, మీట దగ్గర్నుంచి డాబా దాకా.

బాపు తమ్ముడి వైపు తిరిగాడు. "నా బిడ్డకు కండ్లకు గంతలు కట్టి ఉరుకుమన్నవా?" అని, నాతో "సంచి తెచ్చుకో" అన్నాడు. ఆ ఏడే నన్ను హాస్టలుండే సర్కారు బడిలో చేర్పించాడు. అక్కడే చదువుకున్నాను, డిగ్రీ దాకా వచ్చాను.

ఇప్పుడు సాయంత్రాలు మా ఊరి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఎవరైనా వచ్చి ఒక పిల్లను చూపించి దీనికి బుర్ర లేదంటే, దానికి ఇంతవరకు ఏం చూపించారు, ఏం దాచారు అని ముందు వాళ్లనే అడుగుతాను. అడిగేటప్పుడు నా గొంతు పెరుగుతుంది. తగ్గించుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.