భూమయ్య చెక్కిన ఆరో బొమ్మ

దయ్యాల సినిమాలంటే నాకు ప్రాణం. దయ్యాలంటే మాత్రం ఏనాడూ నమ్మకం లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయని ఆఫీసులో వాళ్ళు నవ్వేవాళ్ళు. భయమంతా తెర మీదే ఉంటుందని తెలుసు కాబట్టే అంత ఇష్టంగా చూసేవాణ్ణి. నాకు జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. కలిపింది ఏమీ లేదు.

డెబ్బైల చివర్లో బాన్సువాడలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా ఇంట్లో మొదటి నౌకరీ నాదే. మా అమ్మ మరియమ్మ రుద్రూర్ దగ్గరి ఒక పల్లెలో కూలి పనికి పోయేది. ఆమెను నేను అవ్వ అనే పిలిచేవాణ్ణి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. వాళ్ళకు నేనొక్కణ్ణే సంతానమని అనుకుంటూ పెరిగాను. వారమంతా బాన్సువాడలో కిరాయి గదిలో ఉండి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి అవ్వ దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

ఆ ఏడు ఊరి బయట డేరా టాకీసులో ఒక దయ్యం సినిమా ఆడింది. వానకు పాత బంగళాలో చిక్కుకున్న అయిదుగురు, వాళ్ళను వెంటాడే ఒక ఆడదయ్యం. దాని మొహం నిండా జుట్టే. చివరిదాకా ఆ మొహం చూపించరు. పదకొండుసార్లు చూశాను. సినిమా ఎత్తేశాక ఏదో పోగొట్టుకున్నట్టయింది. ఆ మనుషుల్ని దగ్గర పెట్టుకోవాలనిపించింది. ఇప్పుడు సినిమా బొమ్మలు దుకాణాల్లో దొరుకుతాయి. అప్పుడు జాతరలో మట్టి చిలకలు తప్ప ఏమున్నాయి?

బస్టాండు వెనక భూమయ్య అనే ముసలాయన ఉండేవాడు. నిర్మల్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. పొణికి అనే తేలిక చెక్కతో బొమ్మలు చేసేవాడు. జన్మలో సినిమా చూడలేదు. నేను ఒక్కో మనిషినీ వర్ణిస్తుంటే కళ్ళు మూసుకొని వినేవాడు, తర్వాత చెక్కేవాడు. లాంతరు పట్టుకున్న కావలివాడు, డాక్టరు, లారీ డ్రైవరు, కొత్తగా పెళ్ళైన జంట. అన్నీ జానెడు బొమ్మలు. సైకిల్ పుల్ల ముక్కలు గుచ్చి చేతులు కదిలేట్టు చేశాడు. నెలకొకటి చొప్పున అయిదూ నా అలమరలోకి చేరాయి. సాయంత్రాలు వాటి చేతులు తిప్పుతూ కథంతా మళ్ళీ ఆడించేవాణ్ణి. ఇరవై మూడేళ్ళవాడు చేసే పని కాదు, తెలుసు.

మిగిలింది దయ్యం. ఒక ఆదివారం బస్సుకు పోతూ భూమయ్య దగ్గర ఆగాను.

"మొఖం ఎట్లుండాలె సారూ?" అన్నాడు.

"సినిమాల చూపియ్యలే తాతా. నీ ఇష్టం."

అంతలో బస్సు హారను వినిపించి పరుగెత్తాను. అక్కడ రెండు నిమిషాలు కూడా నిలబడలేదు.

పది రోజులకు బొమ్మ చేతికిచ్చాడు. చూసి ఉసూరుమన్నాను. జుట్టు పక్కకు దువ్వి ఉంది. మొహం ఏడెనిమిదేళ్ళ పిల్లది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాటు. చెవులకు కమ్మలు లేవు, చీపురు పుల్లలు గుచ్చి ఉన్నాయి. పైగా నవ్వుతోంది.

"గిదేంది తాతా, దయ్యం లెక్క లేదు గద!"

"నువ్ చెప్పినట్టే చేసిన సారూ," అన్నాడు.

వయసు మీద పడింది, ఎవరో చెప్పింది నేను చెప్పాననుకుంటున్నాడు అనుకున్నాను. నొప్పించడం ఇష్టంలేక తెచ్చి, మిగతా అయిదింటి వెనక నిలబెట్టాను.

ఆ నెలాఖరుకు అవ్వ మోకాళ్ళ నొప్పులు చూపించుకోవడానికి దవాఖానకు వచ్చింది. చూపించాక నా గదికి తీసుకొచ్చాను. పగలు పదకొండు గంటలయింది. నేను స్టవ్వు మీద చాయ పెడుతున్నాను. చక్కెర ఎంత వెయ్యాలో అడుగుదామనుకున్నాను. తిరిగి చూశాను. అవ్వ కింద కూర్చొని ఉంది. ఆ ఆరో బొమ్మ ఆమె ఒళ్ళో ఉంది. దాని కనుబొమ్మ మీది గాటును బొటనవేలితో నిమురుతోంది.

"దీన్ని ఎవరు చేసిండ్రు కొడుకా?"

చెప్పాను.

"ఆయినెకు నా బిడ్డ ఎట్ల తెలుసు?"

నాకొక అక్క ఉండేదని ఆ రోజు మొదటిసారి విన్నాను. పేరు సువార్త. నేను పుట్టడానికి మూడేళ్ళ ముందు, వర్ని దగ్గరి పల్లెలో అవ్వ నాట్లు వేస్తుండగా కాలువలో పడి చనిపోయింది. అప్పటికి ఎనిమిదేళ్ళు. కనుబొమ్మ మీది గాటు, అవ్వ గడపలో మరిచిన కొడవలి మీద పడి అయింది. చెవులు కుట్టించారు గాని కమ్మలు కొనలేకపోయారు. చెవులకు ఆ పుల్లలతోనే పిల్లను మట్టిలో పెట్టారు. తర్వాత ఆ ఊళ్ళో ఉండలేక వచ్చేశారు. అక్కది ఒక్క ఫొటో కూడా లేదు. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని నాన్నా అవ్వా అనుకున్నారట.

"అవ్వా అవ్వా అని ఒర్రిందో ఏమో. ఏడ్చుకుంటనే పోయి ఉంటది. నాకు ఇనబడలే," అంది అవ్వ. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం భూమయ్య దగ్గరికి వెళ్ళాం. ఈ మొహం ఎక్కడిదని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"నువ్వే చెప్పినవ్ గద సారూ. గా ఆయితారం బస్సుకని ఉరికినవ్, జరసేపటికే మల్ల తిరిగొచ్చినవ్. గా పీట మీద కూసున్నవ్. గాటు ఏ దిక్కు అంటే ఎడమ దిక్కు అన్నవ్. కొడవలి తాకింది అన్నవ్. పొద్దుగూకేదాంక లేవలే."

లోపలినుంచి ఆయన కోడలు వచ్చింది. "అవు, నేనే నీళ్ళిచ్చిన. సారు తాగలే. చెంబు అట్లనే ఉండె."

అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ ఆదివారం ఆ బస్సులోనే ఊరికి వెళ్ళాను. చర్చిలో ప్రార్థన అయ్యాక అవ్వ వండిన చేపల పులుసు తిన్నాను. పొద్దుగూకే వేళకు ఇంటి మీదెక్కి పగిలిన పెంకులు మారుస్తున్నాను. కిందినుంచి పెంకులు అందించింది అవ్వే.

"గా దినం మా పోరడు నా ఇంట్ల ఉండె అన్నా," అంది అవ్వ.

భూమయ్య చేతిలోని ఉలి కింద పెట్టాడు.  తర్వాత నన్ను చూడకుండా, అవ్వ వైపు తిరిగి చెప్పాడు.

"ఒక్క ముచ్చట చెప్త చెల్లె. దయ్యం గదాని నేను ఏడుపు మొఖం పెడదామనుకున్న. సారు వద్దన్నడు. 'నవ్వుతున్నట్టే చెయ్యి తాతా, ఏడుస్తున్నట్టు చెయ్యకు, మా అవ్వ చూస్తది' అన్నడు."

అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు బుద్ధి తెలిశాక ఆమె ఏడవడం చూడటం అదే మొదటిసారి. భూమయ్య కోడలు పక్కన కూర్చొని వీపు నిమురుతూ ఉండిపోయింది.

బొమ్మను అవ్వ తనతో తీసుకెళ్ళి బైబిలు పక్కన పెట్టుకుంది. పాత చీర అంచుతో దానికి గౌను కుట్టింది. పాస్టరుగారు ఏమంటారోనని నేను భయపడ్డాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "ఉంచుకో మరియమ్మా," అన్నారు. అప్పటినుంచి అక్క గురించి అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. చింతచిగురు కోసం చెట్టెక్కేదట. పాట సగం పాడి మిగతాది మరిచిపోయేదట. ఇంకో ఆరేళ్ళు బతికింది. శవపెట్టెలో ఆమె చేతి కింద ఆ బొమ్మను నేనే పెట్టాను.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. పసితనంలో అవ్వ నిద్రలో కలవరిస్తే విన్నానేమో, మనసులో ఎక్కడో నాటుకుందేమో. కావచ్చు. భూమయ్య పొరబడ్డాడేమో. మరి ఆయన కోడలు? తర్వాత ఆమెను విడిగా రెండుసార్లు అడిగాను. నీ అంగీయే, నీ గొంతే అంది.

దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కాని ఆ ఆదివారం భూమయ్య ఎదుట పొద్దుగూకేదాకా కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.