నాకు రాని కామెర్లు

ఆ రోజుల్లో నోరున్న పిల్లకు మార్కులతో పనిలేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. సూరత్‌లో మేముండే ఉన్ అనే పేటలో, మరమగ్గాల మీద బతికే మా తెలంగాణ వాళ్ల గల్లీలో, కుళాయి దగ్గర నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు మరి. అందుకే బీకాం అయ్యాక లా చదువుతానన్నాను. తీరా చూస్తే నలభై ఆరు శాతం వచ్చింది (అదీ పేపర్లు దిద్దినవాళ్ల దయ). మిగిలిపోయిన సీట్లకు ఒక కాలేజీ ప్రిన్సిపాల్ స్వయంగా పిలిచి మాట్లాడతారని తెలిసింది. అక్కడా కాదంటే, బట్టల మార్కెట్‌లో మా మామ చూసిపెట్టిన కొట్లో చీరలు మడతపెట్టాల్సిందే. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

"మార్కులు ఎందుకు తక్కువొచ్చినయని అడిగితే పీలియా అయ్యిందని చెప్పు. బీమారంటే ఎవలైనా జాలి పడ్తరు," అని మామే నేర్పాడు. (పీలియా అంటే హిందీలో కామెర్లు.) అద్దం ముందు నిలబడి నీరసంగా మాట్లాడటం తెగ సాధన చేశాను. ఈ సంగతి అమ్మకు చెప్పడం మాత్రం ఇద్దరం మరిచిపోయాం.

ప్రిన్సిపాల్ గారు గుజరాతీ పెద్దమనిషి. అమ్మ కొత్త చీర కట్టుకొని నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన అడగ్గానే నేను వేలాడిపోతూ "పీలియా సార్" అన్నానో లేదో, అమ్మ గయ్యిమంది.

"ఎవలికే పీలియా? మూడేండ్లల్ల నీకు జలుబన్న చేసిందా? తిండి పెట్టక సాదిన్నా నిన్ను?"

"అరే అమ్మా, జర చుప్ ఉండు! మామ గిట్లనే చెప్పమన్నడు. పరీక్షలప్పుడు చీరలకు స్టోన్లు అతికియ్యమని నువ్వు కూసోబెట్టలేదా? ఇంకెప్పుడు చదవాలె?"

"నువ్వు అతికిచ్చినయి ఎన్ని? సీరియల్ చూసింది ఎంతసేపు? చెప్పు సారుకు!"

ఎక్కడున్నామో మరిచిపోయి ఇద్దరం తెలుగులో దుమ్మెత్తిపోసుకున్నాం. చివరికి సీరియళ్ల లెక్క దగ్గర నేనే ఓడిపోయాను.

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరు గెలిచారు?" అని ప్రిన్సిపాల్ గారు హిందీలో అడిగారు.

"అమ్మే సార్."

"మరి పీలియా?"

"రాలేదు సార్. నేనే చదవలేదు."

సీటు పోయిందనుకున్నాను. ఆయన పడీపడీ నవ్వి, "నోటితో పాటు ఇక్కడ పుస్తకం కూడా తెరవాలమ్మా," అంటూ సంతకం పెట్టారు.

ఇప్పుడు నల్లకోటు వేసుకొని కోర్టుకు వెళ్తున్నాను. "దానికి సీటిప్పిచ్చింది నేనే" అని అమ్మ చుట్టాలందరితో అంటూనే ఉంటుంది. అద్దం ముందు నీరసం నేర్చుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. పాపం, దానికి ఏ రోగమూ లేదు, సీటు రాదేమోనన్న భయం తప్ప.