గెంతే వీరుడు

రేవు పక్కన వన్‌టౌన్‌లో వాచీలు బాగుచేసే నా స్నేహితుడు రహీంకి ఇవాళ ఓ విదేశీ నావికుడు పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం బహుమతిగా ఇచ్చాడు. వీపున దుప్పటి కట్టుకునే వీరుల కథలు పుట్టిన కొత్తలో, అంటే 1938 ప్రాంతంలో అచ్చయినది! అలాంటిదాని కోసం నేను ఏళ్లుగా పాత పుస్తకాల కొట్లన్నీ గాలిస్తున్నాను. రహీంకేమో ఇంగ్లీషే రాదు. నన్నే చదివి చెప్పమన్నాడు. కుళ్లుకుంటూనే చదివాను.

“ఏటి బావా, ఈడు ఎగరట్లేదు, గెంతుతన్నాడు?” అన్నాడు రహీం, దుప్పటి వీరుడి బొమ్మ మీద వేలు పెట్టి.

“మొదట్లో ఈడికి గెంతడమే వచ్చు. ఎగరడం తర్వాత నేర్పినారు.”

రహీం పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా కుళ్లొచ్చింది.

“పాత కాగితం బావా, పురుగు పట్టేత్తాది. నాకిచ్చెయ్.”

“నీకిచ్చేత్తే నువ్విటు రావు. మరి నాకెవరు సదువుతారు?”

పేజీ తిప్పాను. మీకూ ఎప్పుడైనా ఇంత కుళ్లు పుట్టిందా? పుట్టిందని చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.