తాళం వేసిన గదిలో కొత్తిమీర వాసన

మా పిన్ని గదిలో ఏదో ఉందన్న సంగతి మొదట నాకు చెప్పింది, ఇప్పుడా గదిలో అద్దెకుంటున్న అమ్మాయి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, అశోక్ నగర్‌లో మా ఇంట్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుకుంటోంది.

"ఆంటీ, దీపాలు పెట్టే యాళ్లకు గదిల కొత్తిమీర వాసనొస్తుంది. నేనైతే వండుకుంటలేను. ఇంతకుముందు ఈడ ఎవరుండె?"

పిన్ని కిందటేడు ఆ గదిలోనే కన్నుమూసింది. నేను బడి మొహం చూడలేదు. పక్కన పీట వేసి, కొత్తిమీర గిల్లుతూ నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ వేళ్లకు ఎప్పుడూ ఆ వాసనే.

పిన్ని ఆకలితో ఇంకా ఇక్కడే తిరుగుతోందేమోనని దిగులు పట్టుకుంది. మర్నాడు చిక్కడపల్లి బజారులో కొత్తిమీర కట్ట కొని, పచ్చడి నూరి, అన్నం ముద్దతో విస్తరాకులో ఆ గది కిటికీలో పెట్టాను. "తిని వెళ్లు పిన్నీ" అని చేతులు జోడించాను.

అమ్మాయి పుస్తకం మూసింది. "తొక్కు కిటికీల ఎందుకు పెట్టిన్రు ఆంటీ?"

పిన్ని సంగతి చెప్పాను.

"గట్లయితే నేను నారాయణగూడ హాస్టల్‌కు పోత" అంటూ విసురుగా కర్టెన్ లాగింది. వాసన గుప్పుమంది. మడతలో గోరంత ఆకుపచ్చ పురుగు, చిన్న డాలులా. అమ్మాయి నవ్వేసింది.

"ఇగో, మీ పిన్ని. మా కంది చేన్ల మస్తుంటయి. కంపు నల్లి అంటం. ఎవరన్న ముట్టుకుంటేనే వాసన ఇడుస్తది, లేకుంటే ఊకనే ఉంటది. దీపాలు పెట్టే యాళ్లకు రోజు నేనే గద కర్టెన్ గుంజేది."

కిటికీ బయట పిన్ని డబ్బాలో నాటిన చిక్కుడు పాదుంది. ఆ కాయల రసం పీల్చి బతికి, చలి మొదలవగానే కర్టెన్‌లోకి వచ్చి తలదాచుకుంటున్నాయవి. ఆవిడ పాదు ఇంకా ఎవరికో ఇంత తిండి పెడుతోందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అమ్మాయి హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. నా దిగులూ తీరిందనుకున్నాను.

పరీక్ష అయ్యాక గదికి తాళం వేసి, చెవి నాకిచ్చి అమ్మాయి ఊరెళ్లింది. ఒక సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టి వస్తుంటే, తలుపు సందులోంచి అదే వాసన.

ముట్టుకుంటేనే అంది కదా.

తాళంచెవి నా కొంగుకే ఉంది. ఏ బల్లో తాకి ఉండొచ్చు. తలుపు తీయలేదు. గడప దగ్గర కూర్చుని, ఆవిడ నేర్పిన వరుసలోనే అక్షరాలు చెప్పుకున్నాను. ఈసారి వెళ్లమనలేదు.

మీరెప్పుడైనా కొత్తిమీర గిల్లుతుంటే, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, మా పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.