ఒక గోలు బాకీ

కప్పు పోయింది. జట్టులో నా మాటకున్న విలువ పోయింది. సూర్యం పలకరింపు కూడా పోయింది.

మా ఫుట్‌బాల్ జట్టులో ఎవరు ఆడాలో తేల్చేది నేనే. కప్పు మ్యాచికి ముందురోజు మోటారు బస్సులో నర్సీపట్నం వస్తున్నాను. జమీందారుగారు జీతమిచ్చే ఫార్వర్డు చోటు ఒక్కటే, ఆ మ్యాచి ఆడినవాడికే అది. దానికి పోటీపడ్డ ఇద్దరిలో సూర్యం తొమ్మిది గోల్సు కొట్టాడు, అప్పన్న ఆరు.

"సూర్యాన్నే ఆటలోకి దించుతాను. మోకాలు వాచింది గానీ, కట్టు కడితే సరిపోతుంది," అన్నాను పక్కనున్నాయనతో.

ఆయన నా చెయ్యి పట్టుకుని, పంచె మీదుగా తన మోకాలిపై పెట్టుకున్నాడు. అది వంగని కొయ్యలా ఉంది.

"ఇదీ కట్టు కట్టి ఆడిందేనండి బాబూ. మావోళ్లూ గోల్సే లెక్కెట్టేరు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "వాడే ఆడతానంటున్నాడండీ."

"అనడేటి? ఆడకపోతే జీతం పోద్ది గదా. నేనూ అలాగే అన్నాను."

బస్సు దిగాక కూడా నా అరచేతికి ఆ మోకాలు తగులుతున్నట్టే ఉంది. ఆ భయంతోనే అప్పన్నను దించాను. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. జీతం అప్పన్నకే దక్కింది.

సూర్యం ఇప్పటికీ కుంటకుండా సంతకు నడిచి వస్తాడు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. అతని లెక్కలో నేను ఈ రోజుకీ ఒక గోలు బాకీ.