మూడు గీతల పెట్టె

దర్శి రోడ్డులో ఉన్న మా నూలు మిల్లుకు కొత్త యంత్రం బిగించడానికి ఒక చైనా టెక్నీషియన్ వచ్చాడు. ముప్ఫై ఎనిమిది రోజులు నా పక్క క్వార్టర్‌లో ఉన్నాడు. షిఫ్టు అవగానే మిగతావాళ్ళు బళ్ళెక్కి ఊళ్ళకు పోయేవాళ్ళు. మెస్సులో మేమిద్దరమే మిగిలేవాళ్ళం. ఆయన కూరముక్కల్ని గ్లాసు నీళ్ళలో ముంచి, కారం కడిగి తినేవాడు. యంత్రం సంగతులు ఫోన్ అనువాదంతో నడిచేవి. మిగతావి చేతి సైగలతో.

రోజూ పొద్దున వరండాలో కనబడగానే ఏవో మూడు ముక్కలు అనేవాడు, చివర కాస్త సాగదీసి. యంత్రం గురించి అడుగుతున్నాడనుకుని "రన్నింగ్" అనేవాణ్ణి. నవ్వి తలూపేవాడు.

వెళ్ళే రోజు కొత్త యంత్రం కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపలివైపు మార్కర్‌తో మూడు అక్షరాలు రాసి, వేలితో నన్ను చూపించి కారెక్కాడు. గ్రీజు తగిలి అవి కొంచెం అలుక్కుపోయాయి. ఫోన్ కెమెరా పెట్టినప్పుడల్లా ఒక్కో అర్థం చెప్పింది. ఆయన్నే అడుగుదామంటే, ఆయన వాడే మెసేజ్ యాప్ మన ఫోన్లలో పనిచేయదు. నాకేం చెప్పి వెళ్ళాడో తెలియాలంటే నేనే నేర్చుకోవాలి.

బ్రాడీపేటలో గళ్ళ పుస్తకం కొన్నాను. గీతలు ఎనిమిది: అడ్డం, నిలువు, ఎడమకు జారేది, కుడికి జారేది, చుక్క, ఎగబాకేది, కొక్కెం, మలుపు. మెస్సులో దిద్దుతుంటే ఫిట్టర్ చూసి, "ఏంటి సార్, ఓనమాలు మళ్ళీ మొదలా? ఈసారన్నా పాసవ్వండి" అన్నాడు.

మొదటి అక్షరానికి ఎడమపక్క చిన్న పెట్టె ఉంది. దాన్నొక్కదాన్నే నిఘంటువు యాప్‌లో గీసి చూశాను. అర్థం: సున్నా. నాలుగుసార్లు గీశాను, నాలుగుసార్లూ సున్నాయే. తప్పు నా చేతిది. చిన్నప్పటి నుంచి తెలుగు అక్షరాలు గుండ్రంగా తిప్పిన చేయి మూల దగ్గర ఆగదు. పెట్టెకు మూడు గీతలు: ముందు ఎడమ నిలువు, తర్వాత పైగీత మలుపు తిరిగి కిందికి, చివరికి అడుగు గీత. వారం రోజులు పెట్టెలే గీశాను.

ఆ తర్వాత అక్షరం దొరికింది. తినడం. రెండోది, అయిపోయిందని చెప్పేది. మూడోదానికీ పక్కన అదే పెట్టె, ఆ అక్షరం చివర చేరితే ప్రశ్న. మూడూ కలిపి స్పీకర్ గుర్తు నొక్కాను. వరండాలో రోజూ విన్న మాటే.

తిన్నావా?

మా ఊళ్ళో ఎవరు ఎదురుపడినా అడిగేది అదే. నేను ముప్ఫై ఎనిమిది పొద్దులు "రన్నింగ్" అని జవాబిచ్చాను.

మార్కర్ తీసుకుని ఆయన అక్షరాల కింద రెండు అక్షరాలు రాశాను. మొత్తం ఎనిమిది గీతలు. తిన్నాను, అని.

రాశాక గుర్తొచ్చింది, ఇంకా తినలేదు. ప్యానెల్ తలుపు మూసి మెస్సుకు వెళ్ళాను.